హెచ్చరిక పలకలు తగ్గింపదగునా?

కల్వకుర్తి పట్టణమునకు సమీపమున కొట్ర యొద్ద దారులు రెండుగా చీలును. ఒకటి డిండి మీదుగా నల్లమల యడవిలోనికి, అటనుండి శ్రీశైలమునకు పోవు 765వ జాతీయ రహదారి. రెండవది కల్వకుర్తి, నాగర్‌కర్నూలు, కొల్లాపురముల మీదుగా సోమశిల చేరి, కృష్ణ దాటి నంద్యాల వంకకు సాగునట్లు నిర్ణయింపబడిన 167-కె రహదారి. శివరాత్రికి నడచిపోవు దీక్షాస్వాములు, హైదరాబాదునకు కూలికి పోవు పాలమూరు జనము, ప్రత్తి లారీలు, వడ్ల ట్రాక్టర్లు, గొఱ్ఱెల మందలు, సెలవు దినములలో ఆనకట్ట చూడబోవు నగరవాసుల కార్లు, అందరికిని ఈ ప్రాంతపు దారులే గతి. ఈ దారులపై ఎన్ని హెచ్చరిక పలకలు ఉండవలెను, ఏవి ఉండవలెను, ఎవ్వరి కొరకు ఉండవలెను అను ప్రశ్న చూచుటకు చిన్నదిగనే యుండును గాని, దానివెనుక ప్రాణములున్నవి.

పలకలు తగ్గింపవలెనను మాట వినగానే మనవారికి కోపము వచ్చుట సహజము. ఉన్నవియే చాలక జనము చచ్చుచుండగా, ఉన్నవానిని గూడ తీసివేయుడనుట యేమని యడుగుదురు. ఆ కోపము సహేతుకమే. కేంద్ర రవాణాశాఖ లెక్కప్రకారము 2022వ సంవత్సరమున మన దేశములో 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవి. 1,68,491 మంది మరణించిరి. అనగా దినమునకు 460 మందికి పైగా. ఈ మరణములలో నూటికి 71 వంతులు మితిమీరిన వేగము వలననే సంభవించినవని ఆ శాఖయే చెప్పినది. ఇట్టి దేశమున హెచ్చరికలు తగ్గింపుడనువాడు తన మాటకు గట్టి కారణము చూపితీరవలెను.

కారణము చూపువారు లేకపోలేదు. మంచుదేశములలో స్నోమొబైలు అను బండి యొకటి కలదు. దానికి చక్రములుండవు, ముందు జారుడు కొయ్యలవంటివి రెండు, వెనుక తిరుగుడు పట్టా. ఉత్తర అమెరికాలో శీతకాలమున ఈ బండ్లకై అడవులగుండ దారులు వేయుదురు. పెక్కుచోట్ల వానిని కాపాడువారు స్వచ్ఛందముగా పనిచేయు సంఘములవారు. ఆ దారులపై హెచ్చరిక పలకలు తగ్గింపవలెనా వలదా యను వాదము అచ్చట పుట్టినది. తగ్గింపుమనువారు చెప్పునదేమనగా: నేడు చదునుగానున్న మంచు రేపు గుంటపడును, ప్రతి గుంటకును పలక పాతుట మానవసాధ్యము గాదు, కొన్నింటికి పాతి కొన్నింటికి పాతకున్నచో, పలక లేనిచోట అపాయము లేదని నడుపువాడు నమ్మును, ఆ నమ్మకమే వానిని చంపును. కనుక దారి యంతయు అపాయకరమేనని ముందుగానే చెప్పి, వాని కన్నులను దారిమీద నిలుపనిండని వారి వాదము. వలదనువారో, దారి యెరిగినవానికి పలక యెన్నడును అక్కరలేదు, దారి యెరుగనివానికే కదా పలక యందురు. రాత్రివేళ, మంచు కురియుచుండగా, మొదటిసారి వచ్చినవానికి మలుపు చెప్పున దింకెవ్వరు?

మంచుగడ్డ యెన్నడును చూడని కల్వకుర్తివారికి ఈ కథ యేలయందురా? ప్రశ్న యొక్కటే. మన దారులును దినదినము మారును. నిన్న లేని గుంట నేడుండును. ఉదయము లేని వడ్లరాశి సాయంకాలమున నడిరోడ్డుపై నుండును.

హెచ్చరిక యను మాట మనకు క్రొత్తది గాదు. రాజసభలలో బంటులు హెచ్చరికలు, పరాకులు పలుకుచుండెడివారు. ఆ ‘పరాకు’ అను కేక వినబడగానే సభ యంతయు సావధానమగుచుండెను. నేడు లోకవ్యవహారమున పరాకు అనగా ఏమరుపాటు అనియే యర్థము. మాట యొక్క చరిత్రను విచారించుట పండితులపని. కాని ప్రతిదినము వినిన కేక చెవికి సోకకుండ పోవుటకు ఇంతకన్న మంచి యుదాహరణము మాకు తోచుటలేదు.

మోటారుబండ్లు పుట్టిన తొలినాళ్ళలో, 1909లో, పారిసు నగరమున కొన్ని దేశములవారు కూడి దారిగుర్తులను గూర్చి ఒడంబడిక చేసికొనిరి. నాడు వారంగీకరించిన గుర్తులు నాలుగే: మిట్ట, వంపు, నాలుగుదారుల కూడలి, రైలుదారి దాటుచోటు. ఆ తరువాత గుర్తులు పెరిగినవి. 1968లో వియన్నాలో విపులమైన ఒడంబడిక జరిగినది. భారతదేశము 1980లో అందు చేరినది. ఎఱ్ఱయంచు గల త్రికోణపు పలక హెచ్చరికకు, గుండ్రని పలక ఆజ్ఞకు, చతురస్రపు పలక సమాచారమునకు అను పద్ధతి మన దేశములోను నిలిచినది. బొమ్మల భాషను ఎంచుకొనుటకు కారణము, చదువురానివాడును, పరభాషవాడును చూచిన మాత్రమున గ్రహింపగలుగుటయే. ఆ తత్త్వమును మరచి, ఇంగ్లీషు వాక్యములతో నిండిన పలకలను పల్లెకూడళ్ళలో నిలుపువారి యుద్దేశ్యమేమో మాకు బోధపడదు. గొఱ్ఱెలకాపరి దానిని చదువలేడు. ఎనుబది కిలోమీటర్ల వేగమున పోవు లారీ డ్రైవరు ఇంగ్లీషు వచ్చినవాడైనను చదువజాలడు.

బ్రిటనులో 1993 మొదలు 2013 వరకు ఇరువదియేండ్లలో దారిపలకల సంఖ్య సుమారు రెట్టింపైనదని ఆ ప్రభుత్వమే లెక్కగట్టి, అక్కరలేనివానిని తీసివేయవలెనని పూనుకొన్నది. నెదర్లాండ్సు దేశములో హాన్స్ మోండర్‌మాన్ అను ఇంజనీరు ఇంకను ముందుకు పోయెను. ద్రాఖ్‌తెన్ అను పట్టణమున దినమునకు ఇరువది వేలకు పైగా బండ్లు నడచు కూడలిలో దీపములను, పలకలను తీయించెను. చూడవచ్చిన పరదేశీయుల యెదుట ఆ కూడలిలోనికి తాను వెనుకకు నడచి చూపుచుండెనట, బండ్లు ఆగుచుండెను. ఆయన 2008లో మరణించెను గాని, ఆయన పేరు చెప్పి పలకలు పెరికివేయ జూచువారు నేటికిని కలరు.

మోండర్‌మాన్ చేసినపనిలో సగమును మాత్రమే వారు చూచుచున్నారు. ఆయన పలకలు తీయుటకు ముందు దారి రూపమునే మార్చెను. దారిని నడకదారితో కలిపెను. బండివానికి ఇది తన సొత్తు గాదు, పదిమంది తిరుగు బజారు అను భావము కలుగునట్లు చేసెను. వేగము దానంతటదియే తగ్గిన పిమ్మట పలకకు పనిలేకపోయెను. పైగా ఆయన ఈ పద్ధతిని ఊరి నడుమ కూడళ్ళకే చెప్పెను గాని, పరుగుదారులకు చెప్పలేదు. ఇట్టి కూడళ్ళలో తమకు దిక్కు తెలియుటలేదని అంధులు మొరపెట్టుకొనగా, బ్రిటిషు ప్రభుత్వము 2018లో ఈ విధమైన క్రొత్త నిర్మాణములను ఆపుడని స్థానిక సంస్థలను కోరినది. పరదేశపు పద్ధతిని తెచ్చుకొనువారు దాని కష్టభాగమును సరిహద్దుననే విడిచి, సులభభాగమును మాత్రము మూటగట్టుకొని వచ్చుట మనకు క్రొత్తగాదు.

ఇంక మన దారికి వత్తము. మన పలకలలో ఒక జాతి కలదు. "ప్రమాద స్థలము, నెమ్మదిగా పొండు" అని దానిపై వ్రాయబడియుండును. ఇది యెట్లు పుట్టునో పాఠకులలో ఎందరెరుగుదురో మేమెరుగము. కేంద్ర రవాణాశాఖవారి నిర్వచనము ప్రకారము, సుమారు 500 మీటర్ల దారిభాగమున మూడేండ్లలో మరణములు గాని తీవ్రగాయములు గాని కలిగిన ప్రమాదములు అయిదు జరిగియుండవలెను. లేదా ఆ మూడేండ్లలో పదిమంది చనిపోయియుండవలెను. అప్పుడది నల్లమచ్చగా లెక్కకు వచ్చును. అనగా ఆ పలక జోస్యము గాదు, మరణముల చిట్టా. అట్టి అయిదవ ప్రమాదము గాని, పదవ మరణము గాని కలుగు వరకు ఆ చోటు లెక్కలో మంచిదే!

పోనిండు, ఏదో యొక కొలత యుండవలెను గదా యందురు. అంగీకరింతము. కాని పదిమంది చనిపోయిన పిమ్మట చేయవలసిన పనియేమి? వంపును సరిచేయుట, కూడలికి దీపము వేయుట, చూపున కడ్డమైన చెట్టుకొమ్మను, గోడను తొలగించుట, కాలినడకవారికి వేరుదారి చూపుట. ఇవి చేయుటకు ధనము, శ్రమ, కాలము కావలెను. పలకకు రెండు ఇనుపకంబములు, ఒక గుంట చాలును. చేయవలసిన పనికి పలక బదులగుచున్నది. "మేము హెచ్చరించితిమి, వాడు వినలేదు" అను సాక్ష్యము ఆ పలకతో సిద్ధమగును. నేరమంతయు చచ్చినవాని నెత్తిపై పడును. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణలో 198-ఎ అను సెక్షను చేర్చబడినది. దారి నిర్మాణమునందు గాని, పోషణమునందు గాని విధింపబడిన ప్రమాణములను పాటింపనందున మరణము గాని, అంగవైకల్యము గాని కలిగినచో, బాధ్యుడైన అధికారికిని, కంట్రాక్టరుకును లక్ష రూపాయల వరకు జుల్మానా విధింపవచ్చును. ప్రాణమునకు లక్ష యను వెల సరియా కాదా యను వాదము వేరు. ఈ సెక్షను ఉన్నదని యెరిగి, ఊరి పెద్దలు ఒక్క అర్జీ వ్రాసినచో, "పలక పాతితిమిగదా" అను సమాధానము చాలదని అధికారులకు తెలియును.

కనుక మా యభిప్రాయమిది. పలకలు తగ్గవలసినదే, కాని అపాయము తగ్గిన మేరకు పలక తగ్గవలెను. వంపు చక్కబడిన దినమున వంపుపలకను సంతోషముగా పెరుకుడు. వంపు అట్లేయుండగా పలకను పెరుకుట, రోగికి జ్వరమున్నదని చెప్పు వైద్యుని ఇంటినుండి తరుముట వంటిది. అపాయములేని చోట పలక నిలుపుట అంతకన్న మేలైనది గాదు. అది అబద్ధము చెప్పు సాక్షి. పదిచోట్ల అబద్ధమాడిన పలకను పదునొకండవచోట ఎవ్వరు నమ్ముదురు?

కొంచెము లెక్క చూతము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి క్షణమునకు 22 మీటర్లు పోవును. అపాయమును కన్నుచూచి, మనసు గ్రహించి, కాలు బ్రేకుపై పడుటకు రెండున్నర సెకండ్లని మన ఇంజనీర్లు లెక్కగట్టుదురు. అంతలోనే 55 మీటర్లు గడచును. బండి పూర్తిగా నిలుచుటకు మొత్తము 120 మీటర్లు కావలెనని ఇండియన్ రోడ్సు కాంగ్రెసువారి ప్రమాణము. 40 కిలోమీటర్ల వేగముననైనచో 45 మీటర్లు చాలును. ఇప్పుడు పల్లెలలో చూడుడు. స్పీడు బ్రేకరు ఒకచోట, దాని పలక దానిప్రక్కనే! వేపకొమ్మల చాటున నున్న పలక, రంగువెలిసి రాత్రి దీపమునకు మెరయని పలక, లారీ తగిలి పొలమువైపు తిరిగిన పలక, ఇవన్నియు లెక్కకు పలకలే. సంఖ్యను బట్టి చూచువానికి దారి సురక్షితముగా కనబడును.

స్పీడు బ్రేకరుల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. జాతీయరహదారులపై ఇవి యుండరాదని కేంద్ర రవాణాశాఖ 2016లో రాష్ట్రములకు వ్రాసినది. ఐనను ఊళ్ళ యొద్ద ఇవి ఏల పుట్టును? బడికి పోవు పిల్లవాడు బండిక్రింద పడును. ఊరివారు రోడ్డుమీద కూర్చుందురు. పోలీసులు వత్తురు, పెద్దలు వత్తురు, రాత్రికి రాత్రి ఒక మట్టిగట్టో కాంక్రీటుగట్టో లేచును. ఆ తల్లిదండ్రుల దుఃఖము నెరిగినవాడెవ్వడును దానిని పరిహసింపజాలడు. కాని తెల్లగీతలు, పలక, దీపము లేని ఆ గట్టు మరునాటిరాత్రి వెనుక భార్యను కూర్చుండబెట్టుకొని మోటారుసైకిలుపై వచ్చు పరదేశిని పడవేయును. ఒక దుఃఖమునకు మందుగా వేసినది వేరొక దుఃఖమునకు విత్తనమగుచున్నది. ఇచ్చట కావలసినది పలకలు తగ్గించుట గాదు, పెంచుటయు గాదు. బడి యెదుట దారిని ఇరుకు చేసి, వేగము ఊరి పొలిమేరననే తగ్గునట్లు కట్టుట. మోండర్‌మాన్ నుండి నేర్వదగిన పాఠము ఏదైననున్నచో అది యిదియే.

అడవిలో సంగతి వేరు. మన్ననూరు దాటినపిమ్మట దారి అమ్రాబాదు పులుల యభయారణ్యమున సాగును. 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ యడవిలో జింక ఎచ్చట దాటునో, ఎలుగు ఎచ్చట దాటునో పలకకు తెలియదు. "వన్యమృగములు దాటుచోటు" అని పాతిన పలకయొద్దనే దాటుమని జింకకు ఎవ్వరు చెప్పవలెను? అచ్చట పనిచేయునది పలక గాదు, ద్వారము. రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు చెక్‌పోస్టుల యొద్ద బండ్లను ఆపుట అను నియమము ఆ యడవికి నూరు పలకల పెట్టు. కర్ణాటకములోని బందీపురపు అడవిలోను 2009 నుండి అట్టి రాత్రినిషేధమే నడచుచున్నది. పూర్వము ఈ కొండదారి లేనినాడు, శ్రీశైలయాత్రికులు గుంపుగూడి నడచుచు చెంచులను తోడు గొనిపోవుచుండిరి. వారికి కొంత ముట్టజెప్పుచుండిరి. దారిలో ఏ మలుపున నీరున్నదో, ఏ చోట మృగముల తిరుగుడు కలదో వారెరుగుదురు. ఆ హెచ్చరిక నిలుచున్న పలక గాదు, కూడనడచు మనిషి. నేడును అటవీశాఖ చెక్‌పోస్టులలో, గస్తీలలో చెంచు యువకులు పనిచేయుచున్నారు. పలకలపై వెచ్చించు ధనములో కొంత వారి జీతములకు పోయినచో మాకు ఆక్షేపణలేదు.

ఇంతవరకు ప్రభుత్వమును గూర్చి వ్రాసితిమి. మా పాఠకులలో పెక్కుమంది భూవసతి గలవారు. వారితోను రెండు మాటలు చెప్పక తప్పదు. కృష్ణనీరు ఎల్లూరు యొద్దనుండి మెట్టుమెట్టుగా ఎత్తిపోయబడి కల్వకుర్తి ఎత్తిపోతలుగా వచ్చినపిమ్మట, జొన్న, ఆముదము పండిన చేలలో వరి పండినది. సంతోషమే. పండిన వడ్లకు కల్లములు చాలక రైతు తారురోడ్డు నెక్కినాడు. రోడ్డులో సగము వడ్లు. వాని యంచున బండ్లు తొక్కకుండ పేర్చిన రాళ్ళు. రాత్రికి నల్లని పరదా కప్పబడును. నల్లని రోడ్డుపై నల్లని పరదా, దానిచుట్టు రాళ్ళు. దీనికి ఏ ఇంజనీరు ఏ పలక పాతగలడు? వడ్ల ట్రాక్టరు ట్రాలీకి వెనుక ఎఱ్ఱదీపముండదు, మెరుపుపట్టీ యుండదు. చక్రము విరిగినచో రోడ్డునడుమనే రాత్రియెల్ల నిలుచును. ట్రాలీ కొన్నవానికి మెరుపుపట్టీకి పైకము లేదనుట నమ్మదగిన మాటకాదు. చిన్నరైతునకు కల్లము లేదనుట మాత్రము నిజమే. ఊరూర ఎండబెట్టుకొను గచ్చు కల్లములు కట్టించుట ప్రభుత్వము, గ్రామ పంచాయతీ, మార్కెటుకమిటీ కలసి చేయదగిన పని. అది జరుగువరకు రాళ్ళైనను పేర్వకుండుట, రాత్రికి వడ్లు కుప్పనూర్చి రోడ్డుదింపుట మన చేతిలోనున్నవే.

పట్టణవాసులను విడుతుమా? కూడలిలోని పలక కనబడకుండ కట్టు ఫ్లెక్సీలు ఎవ్వరివి? నాయకుని జన్మదినము, ఇంటి వివాహము, క్రొత్త దుకాణము, దేవుని ఉత్సవము, అన్నింటికిని వంపుచోటే కావలెను. ఏలన అచ్చటనే బండ్లు నెమ్మదించును, జనము చూతురు. హెచ్చరికపలకకు ఏ చోటు యోగ్యమో, ప్రకటనకును ఆ చోటే యోగ్యము. ఆ పోటీలో ఏ పార్టీ వారైనను త్రికోణపుపలకకు దారి విడిచినట్లు మేము చూడలేదు. పలకలు అధికమైనవని వాదించువారు ముందుగా ఈ జాతిని లెక్కింపవలెను. వీనిని తీసివేసినచో మిగిలిన హెచ్చరికలు ఎన్ని అధికమో, ఎన్ని కొఱతయో అప్పుడు గాని తెలియదు.

ఆ పిమ్మట చేయవలసినది దుర్లభము గాదు. కొట్ర మొదలు మన్ననూరు వరకు ఒక ఇంజనీరు, ఒక పోలీసు అధికారి, ఒక లారీ డ్రైవరు, దారిప్రక్క ఊరివాడొకడు కలసి పగలొకసారి, రాత్రియొకసారి పోవలెను. ప్రతి పలకయొద్దను నిలిచి, ఇది చెప్పు అపాయము ఇచ్చట నిజముగా నున్నదా, దానిని తొలగించు మార్గము లేదా యని అడుగవలెను. లారీ డ్రైవరు మాటను తక్కినవారు వినవలెను. శివరాత్రికి పాదచారులు ఈ దారిని నిండుటకు ముందే ఈ పని ముగియుట మేలు. ఫ్లెక్సీలు దింపుటకు మాత్రము అంతవరకు ఆగనక్కరలేదు. దానికి టెండరు లేదు, బడ్జెట్టు లేదు. కట్టినవారే రేపు ఉదయము నిచ్చెన వేసికొని విప్పవచ్చును.